ఊఁ కొట్టిన ఆదివారాలు

హరనాథ్‌కి కొండల పిచ్చి అంటించింది డాక్టర్ వాసుదేవరావు అని కామేశ్వరి అభియోగం. వాసుదేవరావు ఒప్పుకోడు. "నేను నడవమన్నానమ్మా, ఎక్కమనలేదు" అంటాడు.

జరిగింది ఇదీ. డెబ్భై ఎనిమిదిలో హరనాథ్‌కి షుగర్ కొంచెం ఎక్కువుందని తేలింది. ఆయన అమెరికాలో, స్కెనెక్టడీ అనే ఊళ్ళో టర్బైన్లు తయారుచేసే కర్మాగారంలో ఇంజనీరు. పొద్దున కార్‌లో కూర్చుని వెళ్ళి కుర్చీలో కూర్చుంటే, సాయంత్రం కుర్చీలోంచి లేచి కార్‌లో కూర్చునే ఉద్యోగం. డాక్టరు నడవమన్నాడు కదా అని మొదట షాపింగ్ మాల్‌లో నడిచాడు. కామేశ్వరి వెంట ఉంటే ఆ నడక చీటికీమాటికీ కొట్ల ముందు ఆగిపోయేది. ఆమె వెంట లేకపోతే ఐస్‌క్రీమ్ దుకాణం ముందు ఆగిపోయేది. చక్కెర తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది కూడా.

అప్పుడు ఆఫీసులో పక్క బల్ల మీద పనిచేసే అమెరికనాయన ఒక ఆదివారం ఆయన్ని హెల్డర్‌బర్గ్ కొండల మీదికి తీసుకుపోయాడు. ఊరికి అరగంట దూరం. అవి మనం బొమ్మలో గీసే కోసుగా ఉండే కొండలు కావు. మైళ్ళ పొడుగునా నిలువుగా లేచిన సున్నపురాతి గోడ, దాని మీద మళ్ళీ చదునుగా పొలాలూ, ఆవుల పాకలూ, మధ్యమధ్య నేలని చీల్చుకుని పైకి తేలిన తెల్లటి బండలూ. హరనాథ్ సాయంత్రం ఇంటికొచ్చి, జేబులోంచి ఒక రాయి తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. అందులో గవ్వ అచ్చు ఉంది.

"ఇదంతా ఒకప్పుడు సముద్రమట, కామేశ్వరీ."

"సముద్రం నుంచి వచ్చినవాళ్ళు ముందు కాళ్ళు కడుక్కోండి" అంది కామేశ్వరి.

ఆ తర్వాత ఆయన ఒక నడకల క్లబ్బులో చేరాడు. చీలమండ పైదాకా తాడు అల్లి కట్టుకునే బూట్లు కొన్నాడు. వారం వారం రాళ్ళు తెచ్చాడు. కిటికీ గట్టు నిండింది, టీవీ మీద నిండింది, స్నానాల గదిలో సబ్బు పక్కన కూడా ఒకటి చేరింది. "ఇంత సున్నం తెచ్చారు, ఆకూ వక్కా కూడా తెస్తే తాంబూలమైనా వేసుకుందుము" అని కామేశ్వరి వచ్చినవాళ్ళ ముందు అనేది. హరనాథ్ నవ్వేవాడు. ఆయనకి కోపం తెప్పించడం కష్టం. పెళ్ళైన కొత్తలో కామేశ్వరి కొన్నాళ్ళు ప్రయత్నించి, లాభం లేదని మానేసింది.

కామేశ్వరికి ఒక పట్టింపు ఉంది. ఒకటే అని ఆమె అంటుంది, కూతురు రేణుని అడిగితే వేరే లెక్క చెబుతుంది. గడప దాటుతున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగితే వెళ్ళే పని చెడుతుంది. పొరపాటున ఎవరైనా అడిగేస్తే, వెళ్ళే మనిషి వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. తునిలో వాళ్ళ పుట్టింట్లో ఇది పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన మర్యాద. అక్కడ అందరివీ చెప్పులు, విడిస్తే ఊడిపోతాయి, తొడిగితే వచ్చేస్తాయి. హరనాథ్ బూట్ల సంగతి వేరు. ఆయన వాటి తాళ్ళన్నీ బిగించి, సంచీ భుజాన వేసుకుని, తలుపు తీసే సమయానికి సరిగ్గా రేణు మెట్ల మీద ప్రత్యక్షమయ్యేది.

"ఎక్కడ్కి వెళ్తున్నావ్, డాడీ?"

అంతే. హరనాథ్ వెనక్కొచ్చి, తాళ్ళు విప్పి, బూట్లు విడిచి, సోఫాలో కూర్చుని నీళ్ళు తాగేవాడు. అవతల కొండ కింద పార్కింగ్‌లో క్లబ్బు వాళ్ళు ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు. ఒకసారి రేణు తెలివిగా ఇంగ్లీషులో అడిగింది. ఇంగ్లీషులో అడిగితే దోషం ఉంటుందా ఉండదా అని కామేశ్వరి కాసేపు ఆలోచించి, ఉంటుందని తీర్పు చెప్పింది. హరనాథ్ మళ్ళీ కూర్చున్నాడు. ఆ పైవారం నుంచి ఆయన గరాజ్ తలుపులోంచి, దొంగలాగా వెళ్ళడం నేర్చుకున్నాడు.

క్లబ్బు వాళ్ళదీ ఒక పట్టింపే. ఎటు వెళ్తున్నదీ ఇంట్లో చెప్పి రావాలి. కొండ కింద అందరూ పోగయ్యాక నాయకుడు అడిగేవాడు, అందరి ఇళ్ళలోనూ తెలుసా అని. హరనాథ్ అందరితోపాటు చెయ్యెత్తేవాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆయన కొండలకి వెళ్ళాడని కామేశ్వరికి తెలుసు కదా. ఏ కొండ అన్నది ఆయన లెక్కలో చిన్న వివరం.

పోనీ తిరిగొచ్చాక చెప్పేవాడు కాదా అంటే, చెప్పేవాడు. దానికి అంతుండేది కాదు. కామేశ్వరి ఆసుపత్రి లాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. వారంలో నింపాదిగా వండుకునేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కపూటే. ఆ పూట హరనాథ్ కంచం ముందు కూర్చుని మొదటి ముద్దకి మొదలుపెట్టేవాడు. ఏ బండ మీద ఏ పగులు ఎంత లోతు, ఏ పగులులో ఏ మొక్క, నున్నటి నాచు మీద కాలు పెట్టకూడదు, పొడిగా తెల్లగా ఉన్నచోటే పెట్టాలి, పోయిన వారం ఎక్కడ తిరిగారు, వచ్చే వారం ఎక్కడ తిరుగుతారు. ఆమె వడ్డిస్తూ ఊఁ కొట్టేది. మజ్జిగ దాకా ఊఁ కొట్టేది. ఊఁ కొట్టడంలో ఆమెకి ఎంత నేర్పు వచ్చిందంటే, ఆయన గొంతు ఎక్కడ ఎత్తి ఎక్కడ దించుతాడో చూసుకుని, ఒక్క మాట వినకుండానే, సరైన చోట ఆశ్చర్యపోయేది కూడా.

ఎనభై మూడు అక్టోబరులో ఒక ఆదివారం హరనాథ్ భోజనానికి రాలేదు.

మొదట కామేశ్వరి విసుక్కుంది. తర్వాత అన్నం మళ్ళీ వేడిచేసింది. మూడు దాటాక కిటికీ గట్టు మీది రాళ్ళు పక్కకి నెట్టి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. చెట్ల మీద ఆకులు సగం రాలిపోయాయి. ఆ నెలలో అక్కడ ఎండ ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా పోతుంది, పోయాక చలి ఎముకల్లోకి దిగుతుంది.

క్లబ్బు నాయకుడి ఇంటికి ఫోన్ చేస్తే ఆయన భార్య తీసింది. ఈ వారం అందరూ అడిరాండాక్స్ కొండల వైపు వెళ్ళారు, మీ ఆయన రానన్నాడు అని చెప్పింది. అంటే మనిషి ఒక్కడే వెళ్ళాడన్నమాట.

రేణుకి అప్పటికి పదిహేడేళ్ళు, కొత్తగా లైసెన్స్ వచ్చింది. "అమ్మా, డాడీ ఎక్కడ్కి వెళ్ళాడు?" అంది.

"తెలీదు."

"నువ్వు అడగలేదా?"

"వెళ్ళేటప్పుడు అడుగుతారుటే?"

"ఇంకెప్పుడు అడుగుతారు? వచ్చేశాకా?"

కామేశ్వరి వాసుదేవరావుకి ఫోన్ చేసింది.

"ఎటు వెళ్ళాడమ్మా?" అన్నాడాయన.

"అడగలేదన్నయ్యగారూ."

వాసుదేవరావుది కాకినాడ. అడగలేదంటే ఎందుకడగలేదో విడమరిచి చెప్పనక్కరలేదు. "సరే, పోలీసులకి ఫోన్ చెయ్యి. నేను బయల్దేరుతున్నా" అన్నాడు, "ఎక్కడికి బయల్దేరాలో నాకూ తెలీదనుకో."

పోలీసు చాలా మర్యాదగా మాట్లాడాడు. ఏ కొండలన్నాడు. హెల్డర్‌బర్గ్స్ అంది కామేశ్వరి. అది చాలా పెద్ద ప్రాంతం మేడమ్, వెళ్ళేటప్పుడు మీ భర్త ఏం చెప్పి వెళ్ళాడన్నాడు. ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు అంది. అతని గొంతు ఉన్నట్టుండి పరుపులాగా మెత్తబడింది. ఈ మధ్య మీ ఇద్దరి మధ్యా ఏమైనా గొడవా అన్నాడు.

"లేదు లేదు" అంది కామేశ్వరి కంగారుగా. "మా ఆచారంలో, భర్త బయటికి వెళ్తుంటే ఎక్కడికని భార్య అడగకూడదు."

అన్నాక ఆ మాట ఇంగ్లీషులో ఎలా వినిపించిందో ఆమెకి అర్థమైంది. మొత్తం భారతదేశపు ఆడవాళ్ళ పరువు ఒక్క ముక్కతో తీసేసినట్టయింది. భార్యే కాదు, ఎవరైనా, ఎవరినైనా అని సర్దబోయింది. ఆ సర్దడం ఇంకా అన్యాయంగా వచ్చింది. పోలీసు అంతా ఓపిగ్గా విని, కారు నంబరు రాసుకుని, తమవాళ్ళు రోడ్ల మీద చూస్తారనీ, ఆమెని ఇంట్లోనే ఉండమనీ చెప్పి, చివరగా, మీకు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఇంకో నంబరు ఇవ్వగలనన్నాడు.

ఫోన్ పెట్టేసి కామేశ్వరి వంటింట్లోకి వెళ్ళి నిలబడింది. అడగకపోతే మానె, ఆయన చెప్పలేదా? చెప్పాడు. వారం వారం చెప్పాడు. ఈ చెవులతోనే ఊఁ కొట్టింది. పోయిన వారం ఏం చెప్పాడు? ఎంత తవ్వినా ఊఁ తప్ప ఏమీ బయటపడలేదు. బయట వెలుగు కాస్త పసుపుపచ్చగా మారడం కనిపించింది. ఆయన మీద బెంగతో, తన మీద కోపంతో, పొయ్యి మీది గిన్నెల మూతలు ఒక్కొక్కటే తీసి చూసి మళ్ళీ పెట్టింది.

ఆయన ఏం చెప్పాడో గుర్తులేదు. తను ఏం వండిందో గుర్తుండకపోదు.

పోయిన ఆదివారం క్రాన్‌బెరీ పప్పు. ఆ దేశంలో గోంగూర లేదు కాబట్టి, ఆకు రాలే కాలంలో కామేశ్వరి పప్పులో ఆ ఎర్ర పళ్ళు వేసేది. ఆ వేళ చెయ్యి జారి ఎక్కువ పడ్డాయి. పులుపు నషాళానికంటింది. హరనాథ్ ఏమంటాడో అని ఆమె మొదటి ముద్ద నుంచీ ఆయన నోటికేసే చూస్తూ కూర్చుంది. మరి ఆ నోట్లోంచి మాటలు కూడా వచ్చాయి కదా. పులుపుకి ఒక కన్ను మూసుకుని ఆయన ఏమన్నాడూ, వాగు అన్నాడు. గలగలా పారుతూ వచ్చి, చూస్తుండగానే రాతిలోకి దూరి మాయమైపోయే వాగు ఒకటుందిట. అప్పుడు ఆమె పులుపు విరగాలని ఇంత నెయ్యి వేసింది. నెయ్యి వేస్తుంటే, మూతపడ్డ చర్చి దాటాక, అన్నాడు. పాలవాళ్ళ పాకలు, గడ్డి నింపే పెద్ద నీలం గోపురం, దాని వెనకాల. ఇంకో గరిటె వేస్తావా అన్నాడు. ఆయన అడిగింది నెయ్యి. ఆమె పప్పనుకుని పప్పు వేసింది. పాపం, మాట్లాడకుండా తిన్నాడు.

"రేణూ, కార్ తియ్యి" అంది కామేశ్వరి.

చీర మీద హరనాథ్ పాత కోటు వేసుకుంది. కాళ్ళకి లాబ్ బూట్లు తొడుక్కుంది. పోలీసులకి మూతపడ్డ చర్చి సంగతి ఫోన్‌లో చెప్పి, అది ఏ రోడ్డు మీదుందో కనుక్కుంది, ఇంకా గడప దాటని వాసుదేవరావుకీ చెప్పింది. గిన్నెడు మజ్జిగన్నం కలిపి, మూత బిగించి, ఒడిలో పెట్టుకుని కార్‌లో కూర్చుంది.

"పిక్నిక్‌కి వెళ్తున్నామా అమ్మా?"

"ఆకలితో ఉంటారే. రోడ్డు చూసి నడుపు."

కొండ రోడ్డు మలుపులు తిరుగుతూ రాతిగోడ మీదికి ఎక్కింది. మామూలుగా అయితే కామేశ్వరి అలాంటి మలుపులకి కళ్ళు మూసుకుంటుంది. ఆ వేళ రెండు కళ్ళూ చాలలేదు. పైకెక్కాక పొలాలు, గాలి, దూరంగా పల్లంలో ఊళ్ళు. మూతపడ్డ చర్చి కనిపించింది, కిటికీలకి చెక్కలు కొట్టి ఉంది. ఇంకొంచెం దూరంలో నీలం గోపురం. దాని పక్క రోడ్డు వారగా హరనాథ్ డాట్సన్.

కారు కనపడగానే రేణు ఏడ్చింది. కామేశ్వరి ఏడవలేదు, కారు దగ్గరికి వెళ్ళి తలుపు తాళం వేశాడో లేదో చూసింది. వేయలేదు.

పాకల్లోంచి రబ్బరు బూట్లతో ఆ ఇంటావిడ వచ్చింది. పొద్దున్నే ఒకాయన వచ్చి, వాగు చూసుకుంటానని అడిగాడని చెప్పింది. చాలా మర్యాదస్తుడు, ఆవులకి కూడా గుడ్ మార్నింగ్ చెప్పాడు. ఎప్పుడో వెళ్ళిపోయాడనుకుంది, పాలు పిండే హడావిడిలో కారు ఉన్న సంగతి చూసుకోలేదు. మా ఆయన్ని ట్రాక్టరు తీయమంటాను, పదండి అని ముందు నడిచింది.

గడ్డి మేసే నేల దాటేసరికి నేలంతా రాయి అయిపోయింది. బ్రెడ్డు కోసి, ముక్కలు విడదీయకుండా వదిలేసినట్టు, ఆ బండ నిండా నిలువు పగుళ్ళు. కొన్ని చెయ్యి పట్టేంత, కొన్ని మనిషి కాలు పట్టేంత. లోపల చీకటి, చీకట్లో పచ్చటి మొక్కలు. కామేశ్వరి కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. ముందు వెళ్తున్న రేణు జారబోతే, "నాచు మీద వెయ్యకే, తెల్లగా ఉన్నచోట వెయ్యి కాలు" అని అరిచింది. ఆ సంగతి తనకెలా తెలుసా అని ఆమెకే కాస్త ఆశ్చర్యం వేసింది.

కామేశ్వరి పాతకాలం మనిషేమీ కాదు. బ్యాంకులో, ఆసుపత్రిలో మొగుడి పేరు శుభ్రంగా చెబుతుంది. కాని ఆ బండల మీద నిలబడి గొంతెత్తితే నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఏమండీ, ఏమండీ" అని. రేణు "డాడీ" అని పిలిచింది. వీళ్ళిద్దరిలో పెద్దావిడ పిలిచేదే అసలు పేరై ఉంటుందనుకుని, పాలవాళ్ళావిడ రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి, ఆవులని మళ్ళించే గొంతుతో, "ఏమండీ" అని కేకేసింది.

కొంచెంసేపటికి పల్లంలోంచి, నీళ్ళ చప్పుడు వైపు నుంచి, "ఆఁ" అని సందేహంగా వినిపించింది.

హరనాథ్ వాగు ఒడ్డున బండకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఎడమకాలు పగులులోకి దిగిపోయి, లాక్కునేసరికి చీలమండ దగ్గర మెలిపడింది. ఒక బూటు విప్పేసి పక్కన పెట్టుకున్నాడు. చీలమండ దోసకాయంత అయింది. పెదవులు నల్లబడ్డాయి, ఒళ్ళు వణుకుతోంది. ముఖం మాత్రం, తప్పు గది తలుపు తట్టినవాడి ముఖంలా ఉంది.

"ఎవరో అమెరికావిడ నన్ను ఏమండీ అని పిలుస్తుంటే, పలకచ్చో లేదో తెలీలేదు" అన్నాడు.

కామేశ్వరి కోటు విప్పి ఆయనకి కప్పింది. పక్కనే కూలబడి, గిన్నె మూత తీసి, తనే ముద్దలు చేసి నోట్లో పెట్టింది. పాలవాళ్ళావిడ మొహమాటంగా అటు తిరిగి ట్రాక్టరుకి దారి చూపించడానికి వెళ్ళింది.

రెండు ముద్దలు లోపలికి పోయాక హరనాథ్‌కి అనుమానం వచ్చింది. "అవునూ, ఇక్కడున్నానని ఎలా తెలిసింది?"

"మీరే చెప్పారుగా."

"నేనా? ఎప్పుడు?"

"పోయిన వారం. పప్పు తింటూ."

హరనాథ్ నమలడం ఆపి భార్యకేసి చూశాడు. "నువ్వు విన్నావా?"

"విననా మరి?" అంది కామేశ్వరి, ఇంకో ముద్ద ఆయన నోట్లో కుక్కుతూ. రేణుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

ఆయన ముఖంలోకి అప్పుడొచ్చిన వెలుగు మజ్జిగన్నం వల్ల వచ్చింది కాదు. అయిదేళ్ళుగా ఆయన గోడకి చెప్తున్నాననే అనుకున్నాడు. అనుకుని కూడా ఎందుకు చెప్పాడో ఆయన్నే అడగాలి. కామేశ్వరికి ఆ వెలుగు చూస్తే సిగ్గేసింది. చూపు తిప్పుకోవడానికి వేరే చోటు లేక వాగుకేసి చూసింది.

వాగు నిజంగానే మాయమవుతోంది. రెండు బారల వెడల్పున గలగలా దూకుతూ వచ్చి, ఒక బండ కిందికి ఆకులతో సహా దూరిపోతోంది. బండకి అవతల ఒక్క చుక్క లేదు, పొడి గడ్డి.

"ఇక్కడ లోపలికి పోతే, మళ్ళీ పైకొచ్చేదెక్కడ?" అంది కామేశ్వరి.

హరనాథ్ మెడ సాచి బండ కిందికి తొంగిచూశాడు. "తెలీదు" అన్నాడు.

"అయిదేళ్ళుగా తిరుగుతున్నారు."

"ఇదివరకెవరూ అడగలేదు."

"బాగుంది. ఎవరూ అడక్కపోతే తెలుసుకోరా?"

ట్రాక్టరు వెనక గడ్డి బండి తగిలించుకుని ఇంటాయన వచ్చాడు. అందరూ పట్టి హరనాథ్‌ని ఎక్కించారు. ఎక్కిస్తూనే ఇంటావిడ ఆ వాగు కథ చెప్పింది. తన మామగారు అది కొండ గోడ అడుగున ఊటగా బయటపడుతుందనేవాడట. మిట్టకి అవతలి పొలం ముసలాయన మాత్రం, తన బావిలోకే వస్తుందని చచ్చేదాకా వాదించాడట. కామేశ్వరి తల ఊపుతూ విని, చుట్టూ నేల వాలు ఎటుందో ఒకసారి కలయజూసింది.

"గోడ వైపే" అంది, చెయ్యి చాపి. "నేలంతా అటే కదా దిగుతోంది."

"నేల కాదు కామేశ్వరీ, లోపల రాతి పొరలు చూడాలి" అన్నాడు హరనాథ్, గడ్డి మీద మోచేతుల మీద లేచి. "పొరలు నైరుతికి వాలి ఉంటాయి. నీళ్ళు వాటి వెంట పోతాయి. బావి ఆయనే రైటు."

"అలా ఎలా అవుతుందండీ? అటు పోవాలంటే నీళ్ళు ఆ మిట్ట కిందనుంచి దూరాలి."

"దూరుతాయి. అదే కదా చెప్తున్నాను."

"మీరు చూశారా?"

"నువ్వు చూశావా?"

రేణు ట్రాక్టరాయనకి, ఇంకొంచెం సేపు పడుతుందని సైగ చేసింది. ఆయన ఇంజన్ కట్టేసి, టోపీ వెనక్కి నెట్టుకుని, తెలియని భాషలో ఇద్దరూ కొండని చెరో వైపూ తిప్పుతుంటే చూస్తూ కూర్చున్నాడు.